ఒకే ఇంటిపేరు, వేరు వేరు త్రోవలు



మన పల్లెలలో క్రొత్తవాడొకడు వచ్చి రచ్చబండయొద్ద నిలిచినయెడల, కుశలప్రశ్నలు కాగానే పెద్దలడుగు మాట ఒక్కటే: "మీ ఇంటిపేరేమి నాయనా?" అతడు చెప్పిన జవాబునుబట్టి ఏ ఊరివాడో, ఎవరి చుట్టమో, ఏ కులమువాడో వారు తెలిసికొందురు. కొన్నిచోట్ల ఆ జవాబునుబట్టియే అరుగుమీద చోటు దొరకుటయు, దొరకకపోవుటయు జరుగుచుండును. అందుచేత ఇంటిపేరు చెప్పునప్పుడు కొందరు రొమ్ము విరుచుకొందురు. కొందరు తల వంచుకొందురు. ఇంటిపేరులో నిజముగా ఏమున్నది? అది మనిషిని గొప్పవానిగా చేయగలదా? తక్కువవానిగా చేయగలదా? ఈ సంగతిని మీతో కలిసి ఆలోచింపగోరి, ఒకే ఇంటిపేరు మోసిన కొందరి చరిత్రలను మీ యెదుట పెట్టుచున్నాము.

ఆ ఇంటిపేరు బ్రౌను. మనకు ఇంటిపేరు ముందును, సొంతపేరు వెనుకను వచ్చును. ఇంగ్లీషువారికి సొంతపేరు ముందు, ఇంటిపేరు వెనుక. మన ఇంటిపేళ్లు ఊళ్లనుబట్టియు, వృత్తులనుబట్టియు, పూర్వులనుబట్టియు వచ్చినట్లే, వారి ఇంటిపేళ్లును అనేక విధములుగా వచ్చినవి. బ్రౌను అనగా గోధుమరంగు. ఏనాడో ఒకని జుట్టునో మేనిఛాయనో చూచి ఇరుగుపొరుగువారు పెట్టిన పేరు అతని పిల్లలకును, పిల్లల పిల్లలకును ఇంటిపేరై నిలిచెను. ఇట్లు అనేక ఊళ్లలో అనేకులకు వచ్చినందున, ఇంగ్లండు, స్కాట్లండు, అమెరికా దేశములలో మిక్కిలి సాధారణమైన ఇంటిపేళ్లలో ఇది ఒకటి. దానిని మోయువారందరు ఒకరికొకరు చుట్టములు కారు. కాబట్టి మన ప్రశ్నకు ఈ పేరు మంచి పరీక్ష.

మొదట స్కాట్లండుకు పోవుదము. 1722వ సంవత్సరమున అబర్నెథీ అను ఊరికి దగ్గరనున్న కార్పో అను చిన్న పల్లెలో జాన్ బ్రౌను పుట్టెను. తండ్రి మగ్గము నేసి, కాలము వచ్చినప్పుడు ఏటిలో చేపలు పట్టి బ్రదికెడివాడు. పిల్లవానికి పదునొకండేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. కొద్దికాలమునకే తల్లియు పోయెను. బడికి పోయినది కొన్ని నెలలు మాత్రమే. తరువాత అతడు ఒక సంఘపు పెద్దయొద్ద గొఱ్ఱెలు కాయుటకు కుదిరెను. ఆ పెద్దకు చదువు రాదు. అందుచేత కుఱ్ఱవాడు ఆయనకు చదివి వినిపించెడివాడు.

గొఱ్ఱెలు మేయుచుండగా ఈ కుఱ్ఱవాడు తనంతట తానే గ్రీకు భాష నేర్చుకొన సాగెను. గురువు లేడు, వ్యాకరణము లేదు. వచ్చిన కొంచెము లాటిను సహాయముతోను, క్రొత్త నిబంధనలోని వంశావళుల పేళ్లను ఇంగ్లీషు పేళ్లతో పోల్చి చూచుకొనుచును ఒక్కొక్క అక్షరము పట్టుకొనెను. 1738లో, పదునారేండ్ల వయస్సున, గ్రీకు క్రొత్త నిబంధన ఒకటి కొనుక్కొనవలెనని అతనికి ఆశ పుట్టెను. గొఱ్ఱెలను ఒక స్నేహితునికి అప్పగించి, రాత్రియంతయు నడచి, 24 మైళ్ల దూరముననున్న సెయింట్ ఆండ్రూస్ పట్టణమునకు తెల్లవారుసరికి చేరెను. ముతక బట్టలు కట్టుకొని పుస్తకముల అంగడికి వచ్చి గ్రీకు నిబంధన కావలెనని అడిగిన ఆ పల్లెటూరి పిల్లవానిని చూచి అంగడివాడు ఆశ్చర్యపడెను. ఆ సమయముననే విశ్వవిద్యాలయపు పండితులు కొందరు అక్కడికి వచ్చిరి. వారిలో ఒకరు, ఈ పిల్లవాడు దీనిని చదువగలిగినయెడల వెల లేకుండ ఇత్తునని చెప్పెను. అతడు చదివెను, పుస్తకమును చేతపట్టుకొని ఇంటికి నడచెను.

చదువరులారా, కథ ఇక్కడ ముగిసిన ఎంతో బాగుండును. కాని ఊరివారేమనిరో వినుడు. బడి లేక గురువు లేక గొఱ్ఱెలు కాచువానికి గ్రీకు ఎట్లు వచ్చును? సైతానే నేర్పియుండునని ఒక మాట పుట్టెను. ఆ మాట సంఘములోనికిని వచ్చెను. బీదవాని బిడ్డకు చదువు వచ్చినప్పుడు మెచ్చుకొనుటకంటె అనుమానించుట లోకమునకు సులభము గదా! ఆ నిందను అతడు సంవత్సరముల తరబడి మోసెను. మూట నెత్తిన పెట్టుకొని ఊరూర సరుకులమ్మెను; సైనికుడుగా నుండెను; చిన్నబడి పంతులుగా పని చేసెను. తుదకు 1751లో హాడింగ్టను పట్టణమున సంఘ కాపరియై, 1787లో చనిపోవువరకు ఆ ఒక్క సంఘముననే ఉండెను. కాపరులు కాగోరిన యువకులకు పాఠములు చెప్పెను. 1778లో ఆయన వ్యాఖ్యతో వెలువడిన బైబిలు స్కాట్లండులో ఎన్నో ఇండ్లలో చేరెను. ఆయన పుట్టినప్పుడు బ్రౌను అను పేరువలన ఆయనకు వచ్చిన ఆస్తి ఏమియు లేదు.

ఇప్పుడు సముద్రము దాటి అమెరికాలోని రోడ్ ఐలండుకు పోవుదము. ఇక్కడ బ్రౌనులు బీదలు కారు. ప్రావిడెన్సు అను ఓడరేవు పట్టణమున నికొలసు, జోసెఫు, జాను, మోషే అను నలుగురు అన్నదమ్ములు వర్తకమున ఆరితేరినవారు. 1764లో వీరు నలుగురు కలిసి సాలీ అను ఓడను ఆఫ్రికా తీరమునకు పంపిరి. ఎందుకు? మనుష్యులను కొని అమ్ముటకు. ఆ ఓడ కెప్టెను 196 మంది ఆఫ్రికావారిని సంపాదించెను. వారిలో కనీసము 109 మంది చనిపోయిరి. కొందరు తిరుగబడి చంపబడిరి. కొందరు రోగముచేతను, ఆకలిచేతను చచ్చిరి. కొందరు తమ్ము తామే చంపుకొనిరి. ఆ ఓడ లెక్కల పుస్తకము నేటికిని ఉన్నది. ఒక్కొక్క మరణమునకు ఒక్కొక్క వరుస. చనిపోయినవారి పేళ్లు లేవు, సంఖ్య మాత్రమే యున్నది.

ఈ నలుగురిలో చిన్నవాడగు మోషే బ్రౌను మనస్సును ఈ సంగతి విడువలేదు. 1773లో ఆయన భార్య మరణించెను. ఆ దుఃఖములో తన జీవితమును తిరిగి చూచుకొని, ఆ సంవత్సరముననే తన యింటి బానిసలను విడిచిపెట్టెను. మరుసటి యేడు, యుద్ధమును బానిసత్వమును నిరాకరించు క్వేకరుల సమాజమున చేరెను. తరువాత బానిస వర్తకమునకు విరోధముగా చట్టములు కావలెనని ఎన్నో ఏండ్లు పోరాడెను. ఎవరితో? ఇతరులతో పాటు తన తోడబుట్టిన అన్న జాన్ బ్రౌనుతోను. జాను ఆ వర్తకమును పత్రికలలో బహిరంగముగా సమర్థించెను. తమ్ముడు బహిరంగముగానే జవాబిచ్చెను. బానిసల రవాణాను అడ్డగించుటకు 1794లో అమెరికా ప్రభుత్వము చట్టము చేయగా, ఆ చట్టము క్రింద మొట్టమొదట విచారణకు వచ్చిన అమెరికను ఈ జానే. 1797లో ఆయన ఓడయగు హోపును న్యాయస్థానము జప్తు చేసెను.

ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే ఇంటిపేరు, ఒకే వ్యాపారము. అయినను ఒకడు తన పాపమును చూచి మళ్లుకొనెను. ఒకడు దానినే పట్టుకొని వాదించెను. అట్లని మోషేను మచ్చలేనివాడని చెప్పరాదు. 1790లో ఆయన సహాయముతో అమెరికాలో యంత్రములతో నూలు వడకు పని ప్రారంభమాయెను. అట్టి మిల్లులకు వచ్చు పత్తిలో అధికభాగము బానిసల చేతులు పండించినదే. ఒక పాపమును విడిచినవాని యింటికి అదే పాపము వేరొక వాకిట వచ్చి నిలుచుట ఎంత సులభమో చూడుడు!

ఈ కుటుంబపు పేరు నేటికిని ఒక గొప్ప విద్యాలయమునకున్నది. 1764లో స్థాపింపబడిన ఆ కళాశాలకు, నికొలసు కుమారుడగు రెండవ నికొలసు బ్రౌను 5,000 డాలర్లిచ్చినందున, 1804లో బ్రౌను అని పేరు పెట్టిరి. రెండువందల ఏండ్ల తరువాత, 2003లో, ఆ విశ్వవిద్యాలయము తన పుట్టుకలో బానిస వర్తకపు ధనము ఎంత కలిసియున్నదో విచారించుటకు ఒక సంఘమును నియమించెను. నియమించినవారు అప్పటి అధ్యక్షురాలు రూత్ సిమన్సుగారు. ఆమె బానిసల సంతతివారు. 2006లో ఆ సంఘము జరిగినదంతయు దాచక ప్రకటించెను. పెద్ద పేరుగలవారు తమ పునాదులను తామే త్రవ్వి చూచుకొనుట అరుదు. అట్లు త్రవ్వినందున ఆ విద్యాలయపు పేరు తగ్గలేదు.

ఇంతవరకు ఇంటిపేరు పుట్టుకతో వచ్చినవారిని చూచితిమి. ఇక ఏ ఇంటిపేరును లేనివానిని చూతము.

అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున, సుమారు 1814లో, ఒక బానిస స్త్రీకి విలియము అను కుమారుడు పుట్టెను. అతని తండ్రి తెల్లవాడు, యజమానికి బంధువు. అయినను ఆ బంధుత్వము బిడ్డకు అక్కరకు రాలేదు; తల్లి బానిస గనుక బిడ్డయు బానిసయే. బానిసలకు యజమానుడు గుర్తించు ఇంటిపేరు సామాన్యముగా ఉండదు. ఈ బాలునికి ఉన్న ఒక్క పేరును కూడ తీసివేసిరి. ఎట్లనగా, యజమానుని యింటికి విలియము అను పేరుగల మేనల్లుడు వచ్చెను. ఒకే యింట దొరబిడ్డకును బానిసకును ఒకే పేరుండరాదు గదా! అందుచేత బాలుని శాండ్‌ఫర్డు అని పిలిచిరి. నా పేరు విలియము అని చెప్పినందుకు అతనికి కొరడా దెబ్బలు పడెను.

పెద్దవాడైన తరువాత అతడు తల్లితో కూడ పారిపోయెను, పట్టుబడిరి. తల్లిని దూరమైన దక్షిణ దేశమునకు అమ్మివేసిరి. 1834 జనవరి 1వ తేదీన, యజమానుని వెంట ఆవిరి పడవమీద సిన్సినాటి రేవునకు వచ్చినప్పుడు, మూటలు మోయుచు ఒడ్డుకు దిగి అడవిలోనికి పోయెను. పగలు దాగుచు, రాత్రులు ధ్రువ నక్షత్రమును చూచి ఉత్తరమునకు నడచెను. కడు చలికాలము. జ్వరము వచ్చెను, కాళ్లు మంచుకు కొయ్యబారెను. ఇక నడువలేక బాటప్రక్క పొంచియుండగా, వెడల్పు అంచు టోపీ పెట్టుకొన్న వృద్ధుడొకడు గుఱ్ఱమును నడిపించుకొనుచు వచ్చెను. ఆయన క్వేకరు. పేరు వెల్సు బ్రౌను.

ఆ వృద్ధుడు అతనిని తన యింటికి తీసికొనిపోయెను. ఆయనయు ఆయన భార్యయు రోగికి సేవచేసి, తమ బల్లయొద్ద కూర్చుండబెట్టి భోజనము పెట్టిరి. తెల్లవారితో కూడ ఒకే బల్లయొద్ద కూర్చుండుట అతనికి అదే మొదటిసారి; బెదరి, చాలసేపు తినలేకపోయెనట. ఆయన అతనికి క్రొత్త జోళ్లు కొనియిచ్చెను. వెళ్లుదినము సమీపించినప్పుడు, స్వతంత్రునికి ఒక్క పేరు చాలదు, రెండు పేళ్లు కావలెనని చెప్పి, నీ రెండవ పేరేమి అని వృద్ధుడు అడిగెను. విలియము అను పేరును ఇక ఎవరికిని విడువనని అతడు చెప్పెను. తక్కినది మీరే పెట్టుడనెను. ఆ వృద్ధుడు తన పేరునంతటిని అతనికిచ్చెను. నాటినుండి అతడు విలియము వెల్సు బ్రౌను.

ఆ పేరును అతడెట్లు మోసెనో చూడుడు. ఈరీ సరస్సుమీద ఆవిరి పడవలలో పనికి చేరి, పారిపోయి వచ్చిన బానిసలను రహస్యముగా ఎక్కించుకొని కెనడా ఒడ్డునకు చేర్చెడివాడు. 1842లో మే నెల మొదలు డిసెంబరు వరకు అట్లు దాటించినవారు 69 మంది. 1847లో తన చరిత్రను వ్రాసి, ఆ పుస్తకమును వెల్సు బ్రౌనుకు అంకితమిచ్చెను. 1853లో లండనులో ఒక నవల ప్రకటించెను. అమెరికా నల్లజాతివారిలో నవల ప్రకటించిన మొట్టమొదటివాడు ఇతడే. 1884లో చనిపోయెను. వెల్సు బ్రౌను గొప్ప పనులు చేసినట్లు ఎక్కడను వ్రాయబడలేదు. ఆయన పేరు నేడు మనకు తెలియుట, దానిని ఆయన ఇల్లు లేనివానికి ఇచ్చినందుననే.

అదే కాలమున హెన్రీ బ్రౌను అను మరియొక బానిస వర్జీనియాలోని రిచ్‌మండు పట్టణమున పొగాకు కర్మాగారములో పని చేయుచుండెను. 1848లో గర్భవతియైన అతని భార్యను, ముగ్గురు పిల్లలను అమ్మివేసిరి. కొన్నవాడు ఒక సువార్త బోధకుడని హెన్రీ తన చరిత్రలో వ్రాసికొనెను; ఈ మాటను మనము తొందరగా దాటిపోరాదు. సంకెళ్లతో నడిపింపబడుచున్న భార్య చేయి పట్టుకొని అతడు సుమారు నాలుగు మైళ్లు వెంట నడచి, అక్కడ విడిచి వచ్చెను. ఆ తరువాత అతనికి బానిసత్వమున బ్రదుకుటకంటె చావే మేలనిపించెను. 1849 మార్చిలో మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుగల పెట్టెలో కూర్చుండి, కొంచెము నీళ్లు, కొన్ని రొట్టె బిళ్లలు పెట్టుకొని, సరుకువలె తన్ను తానే ఫిలడెల్ఫియాకు పంపించుకొనెను. స్వతంత్రుడైన నల్లజాతి స్నేహితుడొకడును, తెల్లవాడైన దుకాణదారుడొకడును సహాయము చేసిరి. ప్రయాణము 27 గంటలు. త్రోవలో పెట్టెను తలక్రిందులుగా ఉంచగా కన్నులు వెలికివచ్చునట్లాయెను. అయినను నోరు మెదపలేదు. మూత తీయగానే లేచి నిలిచి కీర్తన పాడెను. అతనిని లోకము "పెట్టె బ్రౌను" అని పిలిచెను. ఆ దుకాణదారుడు మరికొందరిని అట్లే పంపబోయి పట్టుబడి చెరసాల పాలాయెను.

ఈ పేరుగలవారు ఇంకను కలరు. మొక్కల కణములలోని కేంద్రకమునకు ఆ పేరు పెట్టిన రాబర్టు బ్రౌను స్కాట్లండువాడు. 1853లో న్యూయార్కు రాష్ట్రపు సౌత్ బట్లరు గ్రామ సంఘమువారు కాపరిగా అభిషేకించిన ఆంటనెట్ బ్రౌను ఒక స్త్రీ. అమెరికాలో స్త్రీకి అట్టి అభిషేకము అంతకుముందు తెలియనిది. వీరిని విడిచి, మన ఇంటికి దగ్గరగా వచ్చిన బ్రౌనునొద్దకు పోవుదము.

కలకత్తాలో డేవిడ్ బ్రౌను అను ఇంగ్లీషు పాదిరి యుండెను. శ్రీరామపురములో విలియము కేరీ మొదలగువారికి ఇతడు స్నేహితుడు. 1798 నవంబరు 10న ఇతనికి చార్లెసు ఫిలిప్పు పుట్టెను. తండ్రి 1812లో చనిపోవునప్పటికి పిల్లవానికి పదునాలుగేండ్లు నిండలేదు. ఆ పిల్లవాడే పెరిగి కంపెనీ కొలువులో 1817లో మద్రాసుకు వచ్చి, 1820లో కడపకు చేరిన మన బ్రౌను దొర.

కంపెనీ కొలువులో వచ్చిన దొరలు అనేకులు జీతము తీసికొని, కాలము గడపి, ఓడ ఎక్కి పోయిరి. ఈయన తాటాకులలో చెదలు తినుచున్న తెలుగు పుస్తకములను వెదకి కొనెను, ప్రతులు వ్రాయించెను, కడపలో బంగళా కొని అందులో పండితులకు జీతములిచ్చి పాఠములు సరిచూపించెను. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మ శాస్త్రి మొదలగువారు ఆయనకు కుడిచేతులు. ఖర్చు ఆయనదే, అందువలన అప్పులపాలాయెను. పండితులనేకులు చిన్నచూపు చూచిన వేమన పద్యములను ఏర్చి కూర్చి, ఇంగ్లీషు అర్థముతో 1829లో అచ్చు వేయించెను. 1840లో తెలుగు వ్యాకరణము, 1852 ప్రాంతమున నిఘంటువులు వెలువరించెను. నేటికిని సందేహము వచ్చినప్పుడు తెలుగువారు "బ్రౌణ్యములో చూడుము" అందురు. 1884 డిసెంబరు 12న లండనులో చనిపోయెను. కడపలో ఆయన బంగళా యుండిన చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలవలన ఆయన పేర గ్రంథాలయము వెలసెను. మన నాలుకకు తిరుగని పరదేశపు ఇంటిపేరు మన యింటిమాటగా మారుటకు కారణము ఆయన వంశము కాదు, ఆయన చెమట.

చదువరులారా, ఒక్క పేరును ఇంతమంది మోసిరి. ఒకని చేతిలో అది ఓడల లెక్కలో చావుల వరుస క్రింద సంతకమాయెను. ఒకని చేతిలో అది చలికి వణకువానికి కప్పిన కంబళి ఆయెను. పేరు ఏమియు చేయలేదు. దానిని మోసినవారు చేసిరి.

కాబట్టి మీలో ఎవరైనను తక్కువ ఇంటిపేరని లోకము చెప్పుదానిని మోయుచున్నయెడల, దానిని దాచుకొనకుడి, మార్చుకొనుటకు తొందరపడకుడి. గొఱ్ఱెలు కాచిన అనాథ బాలుడు తన పేరును మార్చుకొనలేదు. దానిని మోసిన తీరువలన ఊరివారి నోళ్లే మారెను. మీలో ఎవరైనను పెద్ద ఇంటిపేరుతో పుట్టినయెడల, ఆ పెద్దరికము ఎవరి కష్టముమీద కట్టబడినదో ఒకసారి మోషే బ్రౌనువలె విచారించుకొనుడి. విచారించి ఊరకుండక, చేయవలసినది చేయుడి. మన పెండ్లిమాటలలోను, సంఘపు పెద్దల ఎన్నికలలోను, మనిషికంటె ముందు ఇంటిపేరును తూచుట మనలోను లేదని చెప్పగలమా?

మరియు వెల్సు బ్రౌనును మరువకుడి. ఆయన పుస్తకములు వ్రాయలేదు, ధనరాశులు ఇవ్వలేదు. అతిథిని తన బల్లయొద్ద కూర్చుండబెట్టెను, జోళ్లు కొనియిచ్చెను, తన పేరునిచ్చెను. ఇది చేయుటకు పాండిత్యమక్కరలేదు, పొలములక్కరలేదు. ఈసారి మీ అరుగు ముందు క్రొత్తవాడు నిలిచినప్పుడు, "మీ ఇంటిపేరేమి?" అని అడుగక మునుపే "కూర్చుండు నాయనా, మంచినీళ్లు త్రాగుము" అని చెప్పి చూడుడి.